మానసిక రుగ్మతను రోగి మాటల్లో చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి స్కిజోఫ్రీనియా అనో, బైపోలార్ డిజార్డర్ అనో, తీవ్రమైన డిప్రెషన్ అనో డాక్టరు చెప్పిన తరువాత కుటుంబ సభ్యులు సాధారణంగా జబ్బు లక్షణాల గురించి, మందుల గురించి చదవడం మొదలుపెడతారు. అలా చదువుతూ కొందరు ఆ జబ్బును స్వయంగా అనుభవించినవారు రాసిన పుస్తకాల దగ్గరకు చేరుకుంటారు. ఆ పుస్తకాలను ఎలా చదవాలి, వాటిని ఎంతవరకు నమ్మాలి, వాటి నుంచి ఇంటికి ఏం తెచ్చుకోవచ్చు అన్న విషయాలపై తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి.

వైద్య గ్రంథాలు ఇవ్వనిది ఈ స్వీయగాథలు ఏమిస్తాయి?

కేసు షీటులో “రోగి అనుమానంతో ఉన్నాడు, మాట్లాడడం మానేశాడు, భోజనం నిరాకరిస్తున్నాడు” అని రాసి ఉంటుంది. బయటి నుంచి చూసేవారికి కనిపించేది అంతే కాబట్టి అందులో తప్పేమీ లేదు. అయితే ఆ మనిషి ఎందుకు మాట్లాడడం లేదో, పళ్లెంలో పెట్టిన అన్నాన్ని చూసి ఏమనుకుంటున్నాడో ఆ షీటులో ఉండదు. కోలుకున్న తరువాత అతను స్వయంగా రాసినప్పుడు మాత్రమే అది బయటికి వస్తుంది. మనకు అర్థం లేనిదిగా కనిపించే ప్రవర్తన వెనుక ఆ మనిషికి మాత్రం తిరుగులేనిదిగా తోచిన ఒక కారణం ఉంటుందని ఈ పుస్తకాలు చూపిస్తాయి. వాటి ప్రధాన ప్రయోజనం ఇదేనని నా అభిప్రాయం. చికిత్సను డాక్టరే నిర్ణయించాలి. కానీ రోజులో మిగిలిన సమయమంతా ఆ మనిషితో గడిపేది కుటుంబమే కాబట్టి, ఆ కారణం ఎలాంటిదై ఉండవచ్చో ఊహించగల శక్తి వారికి ఎంతో అవసరం.

భ్రమలో ఉన్న మనిషి ఆలోచన లోపల ఎలా సాగుతుంది? ఒక ఉదాహరణ చెప్పగలరా?

ఇందుకు నేను ఎప్పుడూ సూచించే పుస్తకం అమెరికాకు చెందిన క్లిఫర్డ్ బీర్స్ 1908లో ప్రచురించిన “ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్”. నూరేళ్లు దాటినా అందులోని కొన్ని ఘట్టాలకు సాటి రాగలవి తరువాతి పుస్తకాల్లో తక్కువే.

బీర్స్ యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో అతని అన్నకు మూర్ఛలు మొదలయ్యాయి. అదే జబ్బు తనకూ వస్తుందన్న భయం ఏళ్ల తరబడి పెరిగి పెరిగి, 1900 జూన్‌లో అతను న్యూ హేవెన్‌లోని తమ ఇంటి నాలుగో అంతస్తు కిటికీ నుంచి దూకాడు. పాదాల ఎముకలు విరిగినా ప్రాణం దక్కింది. ఆ తరువాత ఏం జరిగిందో చూడండి. ఆసుపత్రి గది కిటికీకి ఇనుప చువ్వలు ఉన్నాయి. ఆత్మహత్యకు ప్రయత్నించిన నేరానికి తనను పోలీసులు నిర్బంధించారని అతను తీర్మానించుకున్నాడు. ఆ ఒక్క తీర్మానం నుంచి మిగిలినవన్నీ వరుసగా పుట్టుకొచ్చాయి. తాను పోలీసుల చేతిలో ఉంటే చూడడానికి వచ్చేవారు పోలీసులే అయి ఉండాలి. అలాంటప్పుడు మరో అన్నలాగా, తండ్రిలాగా కనిపిస్తున్న ఈ మనుషులు వారి వేషం వేసుకున్న గూఢచారులు. కనుక వారితో ఏం మాట్లాడినా అది తన మీద సాక్ష్యమవుతుంది. భోజనంలో వడ్డించిన ఒక్కో పదార్థం ఒక్కో నేరానికి సంకేతమని, దాన్ని తింటే ఆ నేరం ఒప్పుకున్నట్టేనని కూడా అతనికి అనిపించింది. మౌనం, నిరాహారం, అయినవారిని చూసి ముఖం తిప్పుకోవడం అన్నీ ఆ మొదటి ఊహ నుంచి తార్కికంగా వచ్చినవే. తర్కం చెడిపోలేదు, దాని పునాది మాత్రం తప్పు.

రెండేళ్లకు పైగా ఇదే స్థితి సాగింది. ఇంటివారు వస్తూనే ఉన్నారు, తాము తామేనని చెబుతూనే ఉన్నారు, అయినా అతని నమ్మకం కదలలేదు. చివరికి 1902 ఆగస్టులో, ఆసుపత్రిలోని మరో రోగి సాయంతో అతను ఒక పరీక్ష రూపొందించుకున్నాడు. పట్టణ డైరెక్టరీ నుంచి అన్న అసలు చిరునామా సంపాదించి, ఆ చిరునామాకు ఒక ఉత్తరం పంపాడు. ఈసారి వచ్చేటప్పుడు ఈ ఉత్తరం వెంట తీసుకురావాలని, అది లేకుండా వచ్చే ఏ మనిషినీ తాను నమ్మనని అందులో రాశాడు. మారువేషం వేసుకున్న గూఢచారి అయితే ఆ ఇంటికి చేరిన ఉత్తరాన్ని తేలేడన్నది అతని లెక్క. అన్న వచ్చి ఉత్తరం చేతిలో పెట్టాడు. రెండేళ్ల అపనమ్మకం ఆ క్షణంలో కూలిపోయిందని బీర్స్ రాశాడు.

ఇక్కడ కుటుంబాలు గమనించవలసినవి రెండున్నాయి. భ్రమను వాదనతో ఓడించడానికి ఇంటివారు రెండేళ్లు చేసిన ప్రయత్నం ఫలించలేదు; అతను తానుగా కోరిన రుజువును, ఎగతాళి చేయకుండా, కోరిన తీరులోనే తెచ్చి ఇవ్వడం ఫలించింది. అయితే ఒక ఉత్తరం జబ్బును నయం చేసిందని మాత్రం అర్థం చేసుకోకూడదు. కొన్ని గంటల్లోనే అతను కుంగుబాటు నుంచి దాని వ్యతిరేక ధ్రువమైన మేనియాలోకి, అంటే అదుపు తప్పిన ఉత్సాహంలోకి వెళ్లిపోయాడు, ఆ తరువాత స్ట్రెయిట్‌జాకెట్లు (చేతులు కదలకుండా బిగించే చొక్కాలు), తీవ్ర రోగుల వార్డులు, సిబ్బంది కొట్టిన దెబ్బలు చాలా ఉన్నాయి. బయటికి వచ్చాక ఆ అనుభవాన్నే పుస్తకంగా రాసి, తాత్త్వికుడు, మనస్తత్వవేత్త విలియం జేమ్స్ మద్దతు సంపాదించి, 1909లో మానసిక ఆరోగ్యం కోసం జాతీయ స్థాయి సంఘాన్ని స్థాపించాడు. అమెరికాలో ఆ రంగంలో జరిగిన సంస్కరణోద్యమానికి ఆ పుస్తకమే నాంది.

జబ్బుగా ఉన్నప్పటి జ్ఞాపకాలను ఎలా నమ్మడం?

ఈ సందేహం న్యాయమైనదే, మంచి రచయితలు దానిని తామే ముందుగా ఎదుర్కొంటారు. అమెరికా రచయిత్రి సుసానా కేసెన్ 1967లో, తన పద్దెనిమిదో ఏట, ఒక డాక్టరును ఒకే ఒక్కసారి కలిసిన వెంటనే బోస్టన్ సమీపంలోని మెక్లీన్ మానసిక ఆసుపత్రికి టాక్సీలో పంపబడి, దాదాపు రెండేళ్లు అక్కడే ఉండిపోయింది. పాతికేళ్ల తరువాత ఒక న్యాయవాది సాయంతో ఆసుపత్రి నుంచి తన పాత రికార్డులు తెప్పించుకుని, 1993లో వచ్చిన “గర్ల్, ఇంటరప్టెడ్” పుస్తకంలో తన కథనం మధ్య వాటి నకళ్లను యథాతథంగా అచ్చువేసింది. ఆ డాక్టరు తనను ఇరవై నిమిషాల పాటు చూశాడని ఆమె జ్ఞాపకం. మూడు గంటల సేపు మాట్లాడానని డాక్టరు వాదన. ఆమె రికార్డుల్లోని వేళలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి లెక్కకట్టి, ఎవరిని నమ్ముతారని పాఠకుడిని అడుగుతుంది. జ్ఞాపకం పొరపడవచ్చు, అధికారిక పత్రమూ పొరపడవచ్చు అన్న సంగతిని ఇంతకంటే నిజాయితీగా చూపించడం కష్టం.

మన దేశంలో కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 25వ సెక్షను తన ప్రాథమిక వైద్య రికార్డులను పొందే హక్కును రోగికి ఇచ్చింది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

నమ్మకం గురించి ఇంకో మాట. బాధ ఎలా ఉంది, భయం ఎలా ఉంది, మాటలు ఎలా తగిలాయి అన్న విషయంలో రచయితను మించిన సాక్షి లేరు. జబ్బు ఎందుకు వచ్చింది, ఏ మందు వల్ల తగ్గింది అన్న విషయంలో రచయిత కూడా మనలాగే ఊహించేవాడే. నవలాకారుడు కర్ట్ వానెగట్ కుమారుడు మార్క్ వానెగట్ 1975లో “ది ఈడెన్ ఎక్స్‌ప్రెస్” అనే పుస్తకం రాసి, తనకు స్కిజోఫ్రీనియా వచ్చిందని, భారీ మోతాదుల విటమిన్ల వల్ల మేలు జరిగిందని చెప్పాడు. తరువాత అతను హార్వర్డ్‌లో వైద్యం చదివి పిల్లల డాక్టరయ్యాడు. ఇప్పటి ప్రమాణాల ప్రకారం తన జబ్బు బైపోలార్ కిందికి వస్తుందని, విటమిన్లకు తాను ఇచ్చిన ప్రాధాన్యం సరైనది కాదని తానే ప్రకటించాడు. ఆ పుస్తకంలో అనుభవం గురించి రాసిన భాగం నేటికీ విలువైనదే. విటమిన్ల భాగాన్ని రచయితే వదులుకున్నాడు కనుక మనమూ వదిలేయాలి.

మందులు వేసుకుంటే బాగానే ఉంటారు కదా, మరి మధ్యలో ఎందుకు మానేస్తారు?

సంరక్షకులు అందరికంటే ఎక్కువ విసిగిపోయేది ఈ విషయంలోనే. “బాగుపడాలని లేదు”, “మొండితనం”, “మమ్మల్ని ఏడిపించడానికే” అన్న మాటలు ఇక్కడే వస్తాయి. ఈ ప్రశ్నకు కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ 1995లో రాసిన “యాన్ అన్‌క్వయెట్ మైండ్” ఇచ్చినంత లోతైన సమాధానం నేను మరెక్కడా చదవలేదు. ఆమె బైపోలార్ వ్యాధిపై ప్రామాణిక వైద్య గ్రంథానికి సహరచయిత్రి, జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో ప్రొఫెసరు, ఆ వ్యాధికి స్వయంగా రోగి కూడా. జబ్బు గురించి ఆమెకు తెలియనిదంటూ లేదు. అయినా ఆమె, బైపోలార్‌లో మనసు ఊగిసలాటను అదుపు చేసే లిథియం మాత్రలను మళ్లీ మళ్లీ మానేసింది, దాని ఫలితంగా ఒకసారి చావు అంచుదాకా వెళ్లింది. జ్ఞానం ఉంటే మందులు మానరు అన్న మన నమ్మకాన్ని ఈ ఒక్క జీవితం తోసిపుచ్చుతుంది.

ఆమె చెప్పిన కారణాలు స్పష్టంగా ఉంటాయి. మేనియా మొదటి దశలో మనసు వేగంగా, తేలికగా, వెలుగుతో నిండి ఉంటుంది. ఆ స్థితిని పోగొట్టుకోవడం ఆమెకు నిజమైన నష్టంలా తోచింది. అప్పట్లో ఇచ్చిన ఎక్కువ మోతాదు వల్ల చూపు మసకబారేది, ఏకాగ్రత కుదిరేది కాదు. పుస్తకాలే ప్రాణమైన మనిషి ఏళ్ల తరబడి ఒక సాహిత్య గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవలేకపోయింది. మోతాదు తగ్గించాకే చదువు తిరిగి వచ్చింది. వీటికి తోడు, తన మనసును తానే అదుపు చేసుకోలేక మాత్ర మీద ఆధారపడడం చేతకానితనమన్న భావన ఒకటి ఆమెలో పాతుకుపోయి ఉండేది. మేనియాలో ఆమె అవసరం లేని వస్తువులు విపరీతంగా కొనేది. వాటిలో పాముకాటు చికిత్స కిట్లు కూడా ఉన్నాయి. ఆ ఉధృతి తగ్గిన తరువాత ఆర్థికవేత్త అయిన అన్నయ్య వచ్చి, ఆమె పక్కన కూర్చుని, కుప్పగా పడి ఉన్న బిల్లులను ఒక్కొక్కటే సర్దాడు. అప్పులు తీర్చే దారి చూపించాడు తప్ప నిందించలేదు. సంరక్షకులు ఈ పేజీలను రెండుసార్లు చదవాలని నా కోరిక.

ఇంట్లోవారు దీని నుంచి నేరుగా వాడుకోగలిగినది ఒకటుంది. “మాత్ర వేసుకున్నావా” అని రోజూ అడగడంతో పాటు, “ఈ మాత్ర వేసుకుంటే నీకు ఎలా ఉంటోంది, ఏం పోయినట్టు ఉంటోంది” అని అప్పుడప్పుడు అడగాలి. వచ్చిన సమాధానాన్ని డాక్టరుకు చేరవేయాలి. చేతులు వణకడం, బరువు పెరగడం, పగలంతా మత్తు, చదవలేకపోవడం వంటి ఇబ్బందుల్లో చాలావాటికి మోతాదు మార్చడమో, మందు మార్చడమో, వేళ మార్చడమో పరిష్కారంగా ఉంటుంది. అది తేల్చవలసింది డాక్టరే, కానీ ఆ సంగతి ఎవరో ఒకరు నోరు విప్పి చెబితే తప్ప డాక్టరుకు తెలియదు. లిథియం వాడేవారికి రక్తంలో దాని స్థాయిని, థైరాయిడ్, మూత్రపిండాల పనితీరును క్రమం తప్పకుండా పరీక్షించాలన్నది కూడా మరవకూడదు.

కొందరు మందులు లేకుండానే బతుకుతున్నామని రాశారు. మేమూ ఆపి చూడవచ్చా?

పుస్తకం చదివి మందు ఆపకూడదు. పుణెకు చెందిన చిత్రకారిణి రేష్మా వల్లియప్పన్ 2015లో వెలువరించిన “ఫాలెన్, స్టాండింగ్”లో స్కిజోఫ్రీనియాతో మందులకు బయట తాను ఎంచుకున్న దారిని రాశారు. అమెరికా న్యాయశాస్త్ర ప్రొఫెసరు ఎలిన్ సాక్స్ తన 2007 నాటి “ది సెంటర్ కెనాట్ హోల్డ్”లో మందులను తగ్గించుకోవాలని, మానేయాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా ప్రతిసారీ జబ్బు తిరగబెట్టిందని, అవి తనకు జీవితాంతం అవసరమని అంగీకరించిన తరువాతే జీవితం కుదుటపడిందని రాశారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకే పేరున్న జబ్బు ఇద్దరిలో ఒకే తీరుగా నడవదు. మీ ఇంట్లో మనిషి వీరిలో ఎవరికి దగ్గరో పుస్తకం చెప్పలేదు. మందు తగ్గించాలన్న ఆలోచన ఉంటే దానిని దాచకుండా మానసిక వైద్యుడి ముందు పెట్టి, ఆయన పర్యవేక్షణలోనే నెమ్మదిగా చేయాలి. హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం.

పుస్తకంలో రాసిన లక్షణాలే మా అబ్బాయిలో కనిపిస్తున్నాయి. అదే జబ్బు అనుకోవచ్చా?

అనుకోకండి. పుస్తకం చదివి నిర్ధారణ చేయడం నిపుణులకే చెల్లలేదు. జర్మన్ న్యాయమూర్తి డానియెల్ పాల్ ష్రేబర్ తన భ్రమలను 1903లో గ్రంథస్థం చేయగా, 1911లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆయనను ఒక్కసారైనా కలవకుండా, కేవలం ఆ పుస్తకం ఆధారంగా జబ్బు మూలాన్ని విశ్లేషించాడు. ఆ విశ్లేషణపై వివాదం నేటికీ తీరలేదు. ఫ్రాయిడ్‌కే సాధ్యం కానిది మనకు సాధ్యమవుతుందా? కనిపించిన లక్షణాలను తేదీలతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకుని డాక్టరుకు చూపించడం మేలు.

ఈ పుస్తకాల్లో ఆసుపత్రి అనుభవాలు భయపెడుతున్నాయి. చేర్పించడం తప్పా?

రెండు రకాల సాక్ష్యాలూ ఉన్నాయి, రెండూ వినాలి. విలియం స్టైరన్ అమెరికాలో పేరున్న నవలాకారుడు. 1985లో ఒక బహుమతి అందుకోవడానికి పారిస్ వెళ్లిన రోజుల్లో తీవ్రమైన డిప్రెషన్ ఆయనను పూర్తిగా ఆక్రమించింది. ఆసుపత్రిలో చేరితే చెడ్డపేరు వస్తుందని, వీలైనంతవరకు చేరవద్దని ఆయన డాక్టరే సలహా ఇచ్చాడు. ప్రాణం తీసుకోవాలని సిద్ధపడిన రాత్రి ఒక సినిమాలో వినిపించిన జర్మన్ స్వరకర్త బ్రామ్స్ సంగీతం ఆయనకు తన ఇంటిని, పిల్లలను గుర్తు చేసింది. భార్యను నిద్రలేపాడు, మరుసటి రోజు ఆసుపత్రిలో చేరాడు. తనకు తిరిగి ప్రాణం పోసింది ఆసుపత్రిలో గడిపిన ఆ వారాలేనని, ముందే చేరవలసిందని 1990లో ప్రచురించిన “డార్క్‌నెస్ విజిబుల్”లో రాశాడు. చెడ్డపేరు వస్తుందన్న భయం ఒక ప్రాణాన్ని ఎంత దూరం తీసుకెళ్లగలదో అందులో కనిపిస్తుంది.

ఎలిన్ సాక్స్ అనుభవం దీనికి భిన్నం. ఇంగ్లండ్‌లో చదువుతుండగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమెను ఎవరూ కట్టేయలేదు. అమెరికాకు వచ్చి యేల్‌లో న్యాయశాస్త్రం చదువుతుండగా జబ్బు తిరగబెట్టినప్పుడు చేతులు, కాళ్లు తోలు పట్టీలతో మంచానికి బిగించారు. తరువాత ఆమె న్యాయ పత్రిక కోసం రోగులను కట్టేయడంపై ఒక వ్యాసం రాస్తూ, అలా కట్టేస్తే ఎంత అవమానంగా ఉంటుందోనని ఒక సీనియర్ మానసిక వైద్యుడితో అంది. ఆ రోగులు మనలాంటివారు కాదని, మనకు అనిపించినట్టు వారికి అనిపించదని ఆయన బదులిచ్చాడు. ఆయన ఎదురుగా కూర్చున్న విద్యార్థిని అలా బంధించబడిన మనిషేనని ఆయనకు తెలియదు, చెప్పే ధైర్యం ఆమెకు అప్పుడు రాలేదు. నాకు ఈ ఘట్టం కట్టేసిన దృశ్యం కంటే ఎక్కువ బాధ కలిగించింది.

మన దగ్గర పరిస్థితి? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రార్థనా స్థలం సమీపంలోని ఆశ్రయ కేంద్రంలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో బంధించి ఉన్న 28 మంది మానసిక రోగులు మరణించారు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన 2017 చట్టం గొలుసులతో కట్టడాన్ని, మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ చికిత్స చేయడాన్ని నిషేధించింది. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే మార్గం లేనప్పుడు మాత్రమే, మానసిక వైద్యుడి అనుమతితో, అవసరమైనంత సేపే బంధించవచ్చునని, శిక్షగా బంధించకూడదని అదే చట్టం చెబుతోంది. కుటుంబ సభ్యులు ఈ నిబంధనలు తెలుసుకుని ఆసుపత్రిలో అడగాలి. చేర్పించాల్సిన అవసరం ఉన్నప్పుడు “ఎర్రగడ్డకు పంపారట” అన్న ఇరుగుపొరుగు మాటకు భయపడి వాయిదా వేయడం మాత్రం స్టైరన్ డాక్టరు చేసిన తప్పును మనం తిరిగి చేయడమే.

మన దేశంలో ఇలాంటి పుస్తకాలు వచ్చాయా?

వచ్చాయి. వాటిలో నన్ను ఎక్కువగా కదిలించింది హిందీ రచయిత స్వదేశ్ దీపక్ 2003లో ప్రచురించిన “మైనే మాండూ నహీఁ దేఖా”. “కోర్ట్ మార్షల్” నాటకంతో ప్రసిద్ధుడైన ఆయన 1990లలో ఏళ్ల తరబడి జబ్బులో మునిగిపోయి, తేరుకున్నాక ఈ పుస్తకం రాశారు. ఇందులో సంఘటనలు వరుసగా ఉండవు. కాలాలు కలిసిపోతాయి, ఆసుపత్రి వార్డు మధ్యలోకి నాటక సంభాషణ వచ్చిపడుతుంది. చదవడం కష్టమే కానీ, చెదిరిన మనసును చక్కగా సర్దిన కథగా చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదన్నది గుర్తుంచుకుని చదవాలి. 2006లో ఒక ఉదయం నడకకు వెళ్లిన ఆయన తిరిగి ఇంటికి రాలేదు. ఈ పుస్తకాన్ని 2021లో రచయిత జెర్రీ పింటో ఆంగ్లంలోకి అనువదించారు. మానసిక రుగ్మత ఉన్నవారితో కలిసి బతికిన కుటుంబ సభ్యుల అనుభవాలను ఆయనే “ఎ బుక్ ఆఫ్ లైట్” అనే సంకలనంగా 2016లో తెచ్చారు. సంరక్షకులు ముందుగా అదే చదవడం మంచిది.

తెలుగులో కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్ర నుంచి నేటి వరకు ఆత్మకథల సంప్రదాయం బలమైనదే. జైలు గురించి, పేదరికం గురించి, కులం చేసిన గాయాల గురించి తెలుగువారు దాచకుండా రాశారు. మనసుకు వచ్చిన జబ్బు గురించి అంత బాహాటంగా రాయడానికి ఇల్లు అడ్డుపడుతుంది. చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని, కొడుకు ఉద్యోగం పోతుందని, “వాళ్ల వంశంలోనే ఉంది” అంటారని భయం. ఆ భయం ఊహాజనితం కాదు కాబట్టి రాయనివారిని తప్పుపట్టలేము. ఆంగ్లం రాని పెద్దలు ఇంట్లో ఉంటే, ఈ పుస్తకాల్లోని ఒక ఘట్టాన్ని చదివినవారు తెలుగులో నోటితో చెప్పడం మంచి పద్ధతి. బీర్స్ ఉత్తరం కథ ఏ అమ్మమ్మకైనా అర్థమవుతుంది.

ఈ రచయితలంతా ప్రొఫెసర్లు, న్యాయవాదులు. మాలాంటివారికి ఇవి వర్తిస్తాయా?

ఈ అభ్యంతరంలో చాలా నిజం ఉంది. పుస్తకం రాయగలిగేంతగా కోలుకున్నవారు, రాసే చదువు, తీరిక, ప్రచురణకర్త ఉన్నవారు మాత్రమే మనకు వినిపిస్తున్నారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. ముందుగా గుడికో, దర్గాకో, భూతవైద్యుడి దగ్గరికో వెళ్లి, ఏళ్లు గడిచాక జిల్లా ఆసుపత్రికి చేరిన మనిషి కథ ఏ పుస్తకంలోనూ ఉండదు. కాబట్టి “సాక్స్ ప్రొఫెసరు అయింది, నువ్వెందుకు కాలేకపోయావు” అని ఇంట్లో మనిషిని పోల్చడానికి ఈ పుస్తకాలను ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. క్రమం తప్పకుండా స్నానం చేయడం, పొద్దున్నే లేచి కొట్టుదాకా వెళ్లి పాలు తేవడం కూడా ఆ జబ్బుతో పోరాడి సాధించినవే.

జబ్బు ఉన్నవారు స్వయంగా ఇవి చదవవచ్చా?

జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు వద్దు. కాస్త స్థిమితపడిన తరువాత, వారికే చదవాలని ఉంటే, డాక్టరుతో ఒక మాట అనుకుని చదవడం మంచిది. నా ఒక్కడికే ఇలా అనుకున్నాను అన్న ఒంటరితనం తగ్గడం చాలామందికి పెద్ద ఊరట. అయితే ఈ పుస్తకాల్లో కొన్ని ఆత్మహత్యా ప్రయత్నాలను వివరంగా చెబుతాయి, అవి ముందు ఇంట్లోవారు చదివి చూడాలి. ఆస్ట్రియాలో జరిగి 2010లో వెలువడిన ఒక పరిశోధన ఇక్కడ ఉపయోగపడుతుంది: చనిపోవాలన్న ఆలోచన వచ్చినా దాన్ని దాటి బతికినవారి గురించి పత్రికల్లో వచ్చిన కథనాలు ఆత్మహత్యల తగ్గుదలతో ముడిపడి కనిపించాయి. అంటే ఎలా చనిపోబోయారన్నది కాక, ఎలా నిలదొక్కుకున్నారన్నది చెప్పే భాగాలను ఎంచుకోవాలి. చదివేవారికి అలాంటి ఆలోచనలు వస్తుంటే పుస్తకం పక్కన పెట్టి, కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి. అక్కడ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇవి చదివితే సమాజంలో చిన్నచూపు తగ్గుతుందా?

కొంతవరకే. ఈ అంశంపై అమెరికా మనస్తత్వవేత్త పాట్రిక్ కోరిగన్ బృందం 2012లో అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, పెద్దల వైఖరిని మార్చడంలో పాఠాల కంటే కోలుకున్న మనిషిని కలవడం, అందులోనూ వీడియోలో చూడడం కంటే ఎదురెదురుగా కలవడం ఎక్కువ ప్రభావం చూపిందని తేలింది. పుస్తకం ఆ పరిచయానికి దారి వేయగలదు, దాని స్థానాన్ని తీసుకోలేదు.

మా ఇంటి అనుభవాన్ని మేమే రాయాలనుకుంటే?

రాయండి, ముందుగా ప్రచురణ కోసం కాకుండా మీ కోసం రాయండి. జబ్బు పడినవారి గురించి కుటుంబ సభ్యుడు రాస్తున్నప్పుడు, ఆ మనిషి స్థిమితంగా ఉన్న రోజున ప్రతి పేజీ చూపించి అనుమతి తీసుకోవాలి. వారు వద్దన్న భాగం ఎంత బాగా వచ్చినా తీసేయాలి. పేరు మార్చినంత మాత్రాన చిన్న ఊళ్లలో ఎవరో తెలియకుండా పోదు. ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య కూడా మార్చవలసి రావచ్చు.

రాయవలసినది జబ్బు పడినవారే అయితే, వారు రాయదగిన మరో పత్రం ఉంది. మళ్లీ జబ్బు తిరగబెడితే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే రాసి ఉంచుకునే హక్కును 2017 చట్టంలోని 5వ సెక్షను ఇచ్చింది. తన తరఫున నిలబడే వ్యక్తిని తానే ఎంచుకునే వీలు 14వ సెక్షను ఇస్తోంది. అత్యవసర చికిత్సకు ఆ పత్రం వర్తించదు, మైనర్ల తరఫున సంరక్షకులు రాయాలి. ఏ మందు గతంలో పడలేదో, ఎవరు పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుందో, ఎవరిని రానివ్వకూడదో, గదిలో దీపం వెలుగుతూ ఉండాలో ఆర్పాలో కూడా అందులో రాయవచ్చు. నిండుగా స్థిమితంగా ఉన్న ఒక మధ్యాహ్నం, నమ్మకమైన ఒకరు పక్కన కూర్చుని, వారు చెబుతుంటే రాసిపెట్టి, చదివి వినిపించి, తరువాతిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు చేతికి ఒక నకలు ఇవ్వాలి.